ప్లాస్టిక్కుతో కురుసుర నమూనా నిర్మాణము

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి యిసుకపై నిలిచియున్న ‘కురుసుర’ యను జలాంతర్గామిని చూడని విద్యార్థి మన పాఠశాలలో నుండఁడని తలఁచెదను. దాని పొడవు 91.3 మీటర్లు. ప్రక్కను నిలువఁబడి యెంత మెడ త్రిప్పి చూచినను అది ముక్కు మొదలు తోక వఱకు ఒక్క చూపున కందదు. దూరముగాఁ బోయి చూతమన్న ఒక వైపున సముద్రము, మఱియొక వైపున రాజమార్గము. లోనికిఁ బోయినచో గొట్టములును, తీఁగలును, త్రిప్పుడు చక్రములునే కాని నౌక యొక్క స్వరూపము గోచరింపదు. ఇట్టి పెద్ద వస్తువును బల్లమీఁద నుంచుకొని, చేతఁ బట్టి, పైనుండియు క్రిందనుండియు చూచి గ్రహింపవలెనన్న నమూనాయే సాధనము. ప్లాస్టిక్కుతో అట్టి నమూనాను చేయు విధమును, అంగడిలో పెట్టెగా దొరకు భాగములను మన కురుసురకు సరిపోవునట్లు మార్చుకొను విధమును ఈ వ్యాసమునఁ దెలిపెదను.

బొమ్మ వేఱు, నమూనా వేఱు. బొమ్మకు పోలిక చాలును. నమూనాకు కొలత కావలెను. ఆదికాండమునందు నోవహు ఓడకు పొడవు 300 మూరలు, వెడల్పు 50 మూరలు, ఎత్తు 30 మూరలు అని చెప్పఁబడి యున్నది. అనఁగా పొడవు వెడల్పునకు ఆఱు రెట్లు. ఆదివారపు బడిలో మన పిల్లలు గీయు ఓడలు మాత్రము గంగాళమువలె గుండ్రముగ నుండి, జిరాఫీ మెడ కప్పును చీల్చుకొని పైకి వచ్చుచుండును! ఆ కొలత లచట ఊరక వ్రాయఁబడలేదు. కురుసుర వెడల్పు 7.5 మీటర్లు, కాఁబట్టి దాని పొడవు వెడల్పునకు పండ్రెండు రెట్లకు మించి యున్నది. ఆ సన్నదనమే దాని రూపము. నమూనాలో అది పది రెట్లకు దిగినచో రంగు లెంత చక్కఁగా వేసినను అది కురుసుర కాదు.

అసలు వస్తువునందలి యెంత పొడవు నమూనాయందు ఒక పాలుగాఁ జూపఁబడునో ఆ నిష్పత్తికి మానమని పేరు; వాడుకలో స్కేలందురు. విమానములకు 72లో ఒక పాలు అను మానము ప్రసిద్ధము. ఆ మానమున ఆఱడుగుల మనుష్యుఁడు ఒక అంగుళ మగును. మోటారుకార్లకు 24 లేక 25లో ఒక పాలు. ఓడలు మిక్కిలి పెద్దవి కాఁబట్టి వానికి 350లో ఒక పాలు తఱచుగా వాడుదురు. కురుసుర వంటి జలాంతర్గామికి ఈ మానమునఁ జేసిన పెట్టెలు దొరకును. ఇఁక లెక్క చూడుఁడు. 91.3 మీటర్లను 350 చేత భాగింపఁగా సుమారు 26.1 సెంటీమీటర్లు వచ్చును. 7.5 మీటర్లను భాగింపఁగా 2.1 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల యెత్తుగల నావికుఁడు 5 మిల్లీమీటర్లకును తక్కువ యగును. బియ్యపు గింజ కన్న పెద్దవాఁడు కాఁడు.

ఈ లెక్కను త్రిప్పి చేసినచో మఱియు నుపయోగము కలదు. పెట్టెలో వచ్చు చేతికమ్మి అర మిల్లీమీటరు లావున్న దనుకొందము. దానిని 350 చేత గుణింపుఁడు. అసలు నౌకపై నది 17 సెంటీమీటర్లకుఁ బైబడిన లావుగల దూలమగును! ఏ నావికుఁడును దూలమును పట్టుకొని నడువఁడు. అచ్చులో నంతకన్న సన్నముగఁ బోయుట కష్టము గనుక చేసినవారు లావుగఁ జేసిరి. దానిని తీసివేసి సన్నని దానిని పెట్టుట మన పని. రంగును నిట్లే. దట్టముగఁ బూసిన రంగుపొర మిల్లీమీటరులో పదవ వంతున్నను అది అసలుపై 3.5 సెంటీమీటర్ల మందముగల పెచ్చుతో సమానము. అందుచేత రంగు పలుచగ నుండవలెనని చెప్పుదురు. ఇది సొగసు కొఱకైన మాట కాదు, గుణకారము చెప్పిన మాట.

పొడవు 350లో ఒక పాలైనప్పుడు వైశాల్యము 350ని రెండుమాఱులు, ఘనపరిమాణము మూఁడుమాఱులు భాగించిన పాలగును. కురుసుర నీటిపైఁ దేలునప్పుడు దాని బరువు సుమారు 1,950 టన్నులు. దీనిని 350చే మూఁడుమాఱులు భాగించి చూడుఁడు: సుమారు 45 గ్రాములు వచ్చును. మీ నమూనా తొట్టిలో నీటిపై సరియైన గీఁతవఱకు మునిగి తేలవలెనన్న దాని బరువు 45 గ్రాములే యుండవలెను. పై తరగతులవారు ఈ ప్రయోగమును చేసి చూడవచ్చును. ఇట్టి లెక్క పిల్లల యాటకు మాత్రమే పనికివచ్చునని యెవరైనఁ దలఁపవచ్చును. ఇంగ్లండునందు విలియము ఫ్రూడు అను ఇంజనీరు 1870 తరువాతి యేండ్లలో టార్కీ పట్టణమున పొడవైన నీటితొట్టిని కట్టించి, చిన్న ఓడ నమూనాలను అందులో లాగించి, పెద్ద ఓడను నీరెంత నిరోధించునో ముందుగనే కనుఁగొను మార్గమును చూపెను. మన పట్టణముననే నౌకాదళపు విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలయందు 500 మీటర్ల పొడవుగల అట్టి తొట్టి యొకటి కలదు. కట్టఁబోవు నౌకల నమూనాలు అందు పరీక్షింపఁబడును.

ఇఁక ప్లాస్టిక్కు సంగతి. పెట్టెలలో వచ్చు భాగములు పాలిస్టైరీను అను పదార్థముతోఁ జేయఁబడినవి. దానిని కరఁగించి, మిక్కిలి యొత్తిడితో ఉక్కు అచ్చులలోని కెక్కింతురు. భాగములన్నియు ఒక చట్రమున కంటుకొని కాయలవలె వ్రేలాడుచు వచ్చును. కరఁగిన ప్లాస్టిక్కు ప్రవహించిన కాలువలే గట్టిపడి ఆ చట్రపుఁ గాడ లైనవి. మరుఁగు నీటి వేఁడిమికి సమీపమున ఈ పదార్థము మెత్తపడును. కాఁబట్టి వంకరపోయిన భాగమును వేఁడినీటిలో ముంచి, మెల్లగా సరిచేసి, చన్నీటిలో వేసినచో నిలుచును. ఈ విద్యకు మొదలు 1936వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన ఫ్రాగ్ పెంగ్విను విమానపు పెట్టె లని చెప్పుదురు. అవి సెల్యులోజు ఎసిటేటుతోఁ జేయఁబడినవి. పాలిస్టైరీను రెండవ ప్రపంచయుద్ధము తరువాతనే యెక్కువగ వ్యాపించెను.

పెట్టెలో నున్నదానిని ఉన్నట్లే యంటించుట ఒక దశ. దానిని మార్చుట తరువాతి దశ. ఈ మార్పు పనికి పేరొందినది అమెరికా. కాలిఫోర్నియాలోని పడుచువారు పాత ఫోర్డు కార్లను, ముఖ్యముగ 1932 నాఁటి వానిని, తక్కువ వెలకుఁ గొని, చక్రములపై రేకులను పెఱికి, బరువు తగ్గించి, బలమైన ఇంజనును బిగించి, ఎండిపోయిన సరస్సుల మైదానములలో పందెములు పెట్టుకొనుచుండిరి. ఆ కార్లకు హాట్‌రాడ్డు లని పేరు. 1958వ సంవత్సరము మొదలు అచ్చటి యొక కంపెనీ ఒకే పెట్టెలో మూఁడు విధముల భాగముల నుంచి అమ్మెను: కర్మాగారమునుండి వచ్చినట్లు కట్టవచ్చును, ఇచ్చవచ్చినట్లు మార్చి కట్టవచ్చును, పందెపుకారుగఁ గట్టవచ్చును. బాలురకు కోయుటయు, అతికించుటయు, తమ మనస్సులోని దానిని చేతితోఁ జేయుటయు అందువలన అలవడెను. మన పనియు నదియే. భేద మొక్కటి కలదు. హాట్‌రాడ్డు కట్టువానికి తన యిష్టమే ప్రమాణము. కురుసుర కట్టువానికి ఇసుకపై నున్న కురుసురయే ప్రమాణము. మార్పు మన యిష్టము కొఱకు కాక సత్యము కొఱకు చేయవలసి యున్నది.

ఎందుచేత మార్పవలె నందురేమో. పెట్టెలోని నమూనా సోవియట్టు నౌకాదళపు జలాంతర్గామిని చూచి చేయఁబడినది. ఫాక్స్‌ట్రాటు అను ఆ తరగతి నౌకలను మన దేశము ఎనిమిదింటిని తీసికొనెను. మొదటిది 1967 డిసెంబరు 8వ తేదీన చేరిన కల్వరి. మన పాఠకులలోఁ గొందఱు ఈ పేరు విని యెరూషలేము చెంతనున్న కొండను తలఁచుకొందురు. ఇది ఆ పేరు కాదు, పులిసొర యను చేఁపకు గల పేరు. నాలుగవది కురుసుర. 1969 డిసెంబరు 18వ తేదీన అది మన నౌకాదళమునఁ జేరెను. 1971 యుద్ధకాలమున అరేబియా సముద్రమున సంచరించెను. ముప్పదియొక్క సంవత్సరములు సేవచేసి 2001లో విశ్రమించెను. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా ప్రజలకుఁ దెఱవఁబడెను. దాని సంఖ్య ఎస్ 20. పెట్టెలో వచ్చు అంటింపు కాగితములపై నుండునవి పరదేశపు సంఖ్యలు. వానిని ఉన్నట్లే యంటించి క్రింద కురుసుర యని వ్రాసినచో అది ఒకరి ఛాయాచిత్రము క్రింద వేఱొకరి పేరు వ్రాసినట్లుండును.

కాఁబట్టి కత్తి పట్టుటకు ముందు కాగితము పట్టవలెను. ఒక సెలవుదినమున బీచికిఁ బోయి, నౌక చుట్టును నడిచి, చూచినదెల్ల గీసికొనుఁడు. లోపల చిత్రములు తీయఁదలఁచినచో అచ్చటి యధికారుల యనుమతి నడుగుఁడు. నీటిలో నున్న నౌక తన క్రింది సగమును ఎవరికిని చూపదు. ఇది యొడ్డున నుండుటచే మనకు మిక్కిలి మేలు కలిగినది. వెనుకకుఁ బోయి చూచినచో మూఁడు పంఖములు కనఁబడును. నీటిలో ముక్కు నెత్తుటకును దించుటకును ఉపయోగించు రెక్కలు కనఁబడును. టార్పీడోలను విడుచు గొట్టములు ముందు ఆఱు, వెనుక నాలుగు. వాని ద్వారము లెచ్చట నున్నవో వెదకుఁడు. నడుమ నిలువుగ లేచియున్న గోపురము యొక్క ఆకారమును ప్రక్కనుండి యొకమాఱు, ఎదుటనుండి యొకమాఱు గీయుఁడు. పెట్టెలోని గోపురమును దీనితోఁ బోల్చి చూచి, ఎచ్చట భేదమున్నదో అచ్చట ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టుఁడు. ఆ యెఱ్ఱగుర్తులే మీరు చేయవలసిన మార్పుల పట్టిక.

ఇచ్చట ఒక ప్రశ్నకు సమాధానము నిర్ణయించుకొనక ముందునకుఁ బోరాదు. మీరు కట్టునది ఏ నాఁటి కురుసుర? నేఁటి కురుసురకు ప్రేక్షకులు పోయి వచ్చుటకై ప్రక్కను ద్వారములు కోయఁబడినవి. అవి లేనిచో సముద్రతీరపుఁ గురుసుర కాదు. కాని 1971లో అరేబియా సముద్రమున మునిఁగిన కురుసురకు అట్టి ద్వారము లుండిన నది మరల పైకి వచ్చియుండునా? రెండును కురుసురయే, రెంటిని కలిపినది మాత్రము కురుసుర కాదు. మొదటిదానికి క్రింద ఆధారపు దిమ్మలు, మెట్లు, చుట్టును సందర్శకులు కావలెను. రెండవదానికి సముద్రపు నీరో, పనితనము తెలియఁజేయు నిరాడంబరమైన పీఠమో కావలెను. మన విద్యార్థులలో ననేకుల తండ్రులు రేవునందును, నౌకా నిర్మాణశాలయందును, నౌకాదళమునందును పనిచేయువారు. వార్షికోత్సవమున మీ నమూనా యెదుట నిలుచువారిలో జలాంతర్గామిలో నెలల తరబడి సూర్యుని చూడక గడపిన వారుండవచ్చును. వారు మొదట చూచునది రంగును కాదు. ఈ బాలుఁడు మా నౌకను తెలిసికొని చేసెనా, లేదా యని చూతురు.

ఇఁక పని. భాగములను చట్రముతోఁ గూడ సబ్బునీటిలోఁ గడిగి ఆరవేయవలెను. అచ్చునుండి సులువుగ నూడివచ్చుటకు పూసిన నూనె వాని కంటియుండును, అది యున్నచో రంగు పట్టదు. ఒక్కొక్క భాగమును చిన్న కత్తెరతోఁ గాడకు కొంచెము దూరముగఁ గత్తిరించి, మిగిలిన మొటిమను కత్తితోఁ జెక్కి, గరుకుకాగితముతో నునుపు చేయవలెను. చేతితో మెలిపెట్టి త్రెంపరాదు. త్రెంపినచో భాగమునుండి ఒక తునుక కాడతోఁ గూడ పోవును. కత్తి యెప్పుడును శరీరమునకు దూరముగఁ గదలవలెను. చిన్న తరగతులవారు పెద్దలు దగ్గఱ లేక కత్తి పట్టరాదు.

అంటించు ద్రవము జిగురు కాదు. అది ప్లాస్టిక్కును కొంచెము కరఁగించును; రెండు కరఁగిన అంచులు ఒకటై, ద్రవ మావిరి యైపోయిన పిమ్మట ఒకే ప్లాస్టిక్కుగ గట్టిపడును. కమ్మరి యినుమును కాఁచి యతుకునట్లు ఇది మందుతో నతుకుట. ఈ సంగతి తెలిసినవాఁడు ద్రవమును ఎక్కువగఁ బోయఁడు. పోసినచో అతుకు బలపడుటకు మాఱుగ గోడయే మెత్తపడి లొత్తపడును. అంచులను మొదట పొడిగ నానించి చూచి, చేర్చి పట్టుకొని, సన్నని కుంచెకొనతో సందున తాఁకించినచో ద్రవము తనంతట తానే సందు పొడవునను ప్రాఁకును. ఒక దినము కదల్పక యుంచుఁడు. ఈ పనిని కిటికీలు తెఱచిన గదిలోఁ జేయవలెను, దాని యావిరి పీల్చఁదగినది కాదు. దీపము దగ్గఱ నుంచరాదు.

నౌకయొక్క కుడి యెడమ సగములు కలిసిన చోట ముక్కునుండి తోక వఱకు ఒక గీఁత నిలుచును. అసలు నౌకపై అట్టి గీఁత లేదు. పూరింపు పిండిని రాచి, ఆరిన పిమ్మట 400 సంఖ్య గరుకుకాగితముతోను, తరువాత 600, 1000 సంఖ్యల కాగితములతోను నీరు తడుపుచు తోమవలెను. చూపునకు పోయినట్లు తోఁచినను నమ్మరాదు. కన్నులు మూసికొని వ్రేలితో రాచి చూడుఁడు. వ్రేలికి తెలిసినది రంగు వేసిన మఱునాఁడు కంటికిఁ దెలియును.

ఈ నమూనాలో నెక్కువ శ్రమ పెట్టునవియు, శ్రమకుఁ దగిన ఫలమిచ్చునవియు ప్రక్కలనున్న రంధ్రముల వరుసలు. ఫాక్స్‌ట్రాటు జలాంతర్గామికి తొడుగులు రెండు. లోపలిది నీటి యొత్తిడికి నిలుచు గట్టి గొట్టము; మనుష్యులును యంత్రములును అందులో నుందురు. పైది నీటిని చీల్చుకొని పోవుటకుఁ దగిన యాకారము నిచ్చునది. పై తొడుగు మీఁది భాగములోని సందులలోనికి మునిఁగినప్పుడు సముద్రము ప్రవేశింపవలెను, తేలినప్పుడు బయటికిఁ బాఱవలెను. ఆ రాకపోకలకే యీ రంధ్రములు. అవి అలంకారము లనుకొని నల్లని చుక్కలు పెట్టినవానికి నౌక మునుఁగు విధము తెలియదన్నమాట. పెట్టెలోని భాగముపై నవి లోఁతులేని గుంటలుగ మాత్రమే యుండును. సూదివంటి తొలిచెడి పనిముట్టుతో ఒక్కొక్కదానిని తొలువవచ్చును. కాని సులభోపాయ మొకటి కలదు. సగములను అంటించుటకు ముందే, ఆ వరుసకు వెనుక, లోపలివైపున గోడను గరుకుకాగితముతో అరగఁదీయుచు పొండు. గోడ పలుచనగు కొలఁది గుంటల యడుగు తెగి, రంధ్రములు తమంతట తామే తెఱచుకొనును. లోపల నల్లరంగు పూయుఁడు. తరువాత సగముల నంటింపుఁడు. ఓపిక గలవానికి రెండు సాయంకాలముల పని.

చేతికమ్మీలకును, గోపురమునుండి సాగు తీఁగలకును చట్రపుఁ గాడలే పనికివచ్చును. జానెడు కాడను క్రొవ్వొత్తి మంటకుఁ బైగా, మంట తాఁకనీయక, త్రిప్పుచు కాఁచవలెను. నడుమ మెఱసి మెత్తపడఁగానే ప్రక్కకుఁ దీసి రెండు చేతులతో లాగినచో తలవెండ్రుక వంటి దారము సాగును. మెల్లగ లాగిన లావుగను, త్వరగ లాగిన సన్నముగను వచ్చును. పాలిస్టైరీను అంటుకొన్నచో నల్లని మసితో మండును. కాఁబట్టి ప్రక్కను నీళ్లచెంబును, ఒక పెద్దవారును ఉండవలెను. మన జాలరులు వల అల్లునప్పుడు దారమును వ్రేళ్లతోనే యెంచుదురు గదా, అట్లే పది దారములు తీసి అందులో సమమైన మూఁటిని ఎంచుకొనుఁడు.

పెట్టె కొన శక్తిలేనివారు నిరుత్సాహపడ నక్కఱలేదు. ఇండ్లకు నీటిగొట్టములు వేయు అంగడిలో బయటి కొలత 50 మిల్లీమీటర్లుగల పీవీసీ గొట్టము దొరకును. 7.5 మీటర్ల వెడల్పును 50 మిల్లీమీటర్లుగఁ జూపినచో మానము 150లో ఒక పాలగును. పొడవు సుమారు 61 సెంటీమీటర్లు. ముక్కును తోకను అంకుడుకఱ్ఱతోఁ జెక్కి బిగింపవచ్చును. ఏటికొప్పాక బొమ్మలు చేయు ఈ కఱ్ఱ మెత్తనిది, చిన్న చేతులకు లొంగును. పై తొడుగును, గోపురమును పలుచని ప్లాస్టిక్కు రేకుతోఁ జేయవచ్చును. పీవీసీకి కావలసిన అతుకుద్రవము వేఱు. పాలిస్టైరీను ద్రవము దానిపై సరిగాఁ బనిచేయదు. నా యభిప్రాయమున ఇట్లు చేసినవాఁడు పెట్టెతోఁ జేసినవానికన్న ఎక్కువ నేర్చును, ఏలయన ప్రతి కొలతయు తానే తీయవలెను గదా.

రంగునుగూర్చి రెండు మాటలు. మొదట ప్రాథమికపు పొరగా బూడిదరంగును పలుచగ వేయవలెను. దాచియున్న గీఁతలును గుంటలును అప్పుడు బయటపడును, మరల పూరించి తోమవచ్చును. నల్లని నౌకకు తనినల్లని రంగు వేయరాదు. యారాడ కొండను దగ్గఱ చూచినప్పుడు పచ్చగను, ఎఱ్ఱగను నుండును. బీచినుండి చూచినప్పుడు నీలివన్నె కప్పుకొని తేలికపడును. నడుమనున్న గాలి రంగును మార్చును. 26 సెంటీమీటర్ల నమూనాను చేరువనుండి చూచుట పెద్ద నౌకను దూరమునుండి చూచుట వంటిది. కావున నలుపులో కొంచెము తెలుపు కలిపి ముదురు బూడిదవన్నెగఁ జేయవలెను. రెండవది మన యూరి గాలి. సముద్రపు తేమ నిండిన దినమున లక్క జాతి రంగులు వేసినచో ఆరునప్పుడు పైన తెల్లని మంచువంటి మరక యేర్పడును. వానకాలపు సాయంకాలములు ఈ పనికిఁ దగవు. పొడిగానున్న శీతకాలపు మధ్యాహ్నములు తగును. తుప్పు చూపఁదలఁచినవారు దానిని రంధ్రములనుండి నిలువుగ క్రిందికి జాఱినట్లు చూపవలెను, ఏలయన దానిని దింపునది జాఱు నీరు. అదియు మితముగ. తుప్పుతోఁ గప్పఁబడిన యుద్ధనౌక ఉన్నదన్నచో దాని నావికులు పని మానిరన్నమాట.

పీఠముపై ఒక చిన్న పలకను బిగించి నాలుగు సంగతులు వ్రాయుఁడు: నౌక పేరును సంఖ్యయు, అది ఏ సంవత్సరపు రూపమో, మానమెంతయో, పెట్టెలోనిదానికి మీరు చేసిన మార్పు లేవియో. ఊహించి చేసిన భాగమేదైన నున్నచో దానిని గూడ ‘ఊహ’ యని వ్రాయవలెను. చూచువారిలోఁ దెలిసినవా రుండినచో దానిని సరిదిద్దుదురు. పలక వ్రాసిన పిమ్మట నమూనాను గాజుపెట్టెలో నుంచి, ఎండ పడని గోడచెంతఁ బెట్టుఁడు. నిరంతరపు టెండకు ప్లాస్టిక్కు పసుపు వాఱును. ఏప్రిలు, మే నెలలలో దానిని మూసిన మోటారుకారులో నొక గడియసేపైనను విడిచిపోరాదు. వేఁడి నీటిలో వంకర తీర్చుకొనిన భాగమే ఆ కారులో మరల వంకరపోవును.

కురుసుర ముగిసిన పిమ్మట మఱియేమి చేయుదమని యడుగువారు బీచిబాటకు అవతలివైపు చూడుఁడు. 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగాఁ జేయఁబడిన టీయూ-142 విమానము అచ్చట నున్నది. దానికి పంఖములు ఎనిమిది. ప్రతి యింజనునకు రెండేసి, ఒకటి కుడికిని ఒకటి యెడమకును తిరుగును. వానిని లెక్కించి, గీసికొని రండు.